గది వేడి మారితే అదే ఆసనం వేరుగా ఎందుకు అనిపిస్తుంది?

ప్రశ్న: వేకువసాధన

మూడేళ్లుగా నేను ఇంట్లోనే, ఒకే గదిలో, దాదాపు ఒకే వరుసలో యోగాసనాలు సాధన చేస్తున్నాను. పన్నెండు సూర్య నమస్కారాలు, ఆ తర్వాత నిలబడి వేసే ఆసనాలు నాలుగైదు, కూర్చుని ముందుకు వంగేవి, బోర్లా పడుకుని వెనక్కి వంగేవి, పది నిమిషాల ప్రాణాయామం, చివరికి శవాసనం. అన్నీ కలిపి గంటా పది నిమిషాలు పడుతుంది. సాధనలో నేనేమీ మార్చకపోయినా, గదిలో వేడి మారినప్పుడల్లా అదంతా వేరెవరి శరీరంతోనో చేస్తున్నట్టు మారిపోవడం నన్ను చాలాకాలంగా ఆలోచనలో పడేస్తోంది.

గోడకు తగిలించిన థర్మామీటరు 18 డిగ్రీలు చూపించే రోజుల్లో, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో నా వేళ్లు చీలమండలు దాటవు. 33, 34 చూపించే రోజుల్లో అదే ఆసనంలో పాదాల అవతల ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకోగలుగుతాను, నుదురు మోకాళ్లకు సులువుగా ఆనుతుంది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే, నిలబడి ముందుకు వంగే ఉత్తానాసనం నుంచి పైకి లేచేటప్పుడు కళ్లు చీకట్లు కమ్ముతాయి, చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో అరచేతులు జారిపోతాయి, ప్రాణాయామానికి కూర్చునేసరికి ఎప్పుడు లేద్దామా అని మనసు తొందరపడుతుంది. చలి రోజుల్లో ఇదంతా తలకిందులవుతుంది. ఆసనాలు మొరాయిస్తాయి, ముక్కు రంధ్రాలను మార్చి మార్చి శ్వాసించే నాడీశోధన మాత్రం ఎంత నెమ్మదిగా, ఎంత నిశ్శబ్దంగా సాగుతుందంటే అక్కడినుంచి లేవాలనిపించదు.

కిందటేడు ఒక నెలపాటు, గదిని 38 డిగ్రీల దాకా వేడెక్కించి నేర్పే తరగతికి కూడా వెళ్లాను. ఇంట్లో రెండేళ్లకు రాని వంపు అక్కడ ఇరవై రోజుల్లో వచ్చింది. తరగతి మానేసి ఇంటి గదికి తిరిగి వచ్చిన వారానికే అది ఎటు పోయిందో తెలియలేదు.

అందుకే అడుగుతున్నాను. వేడిలో వచ్చే ఆ వంపు నిజంగా నాదేనా, లేక గది నాకు అప్పుగా ఇచ్చి మళ్లీ వెనక్కి తీసుకునేదా? గదిని హీటరుతోనో ఏసీతోనో ఒక స్థాయిలో ఉంచి సాధన చేయడం మేలా, లేక కాలాన్ని బట్టి సాధననే మార్చుకోవాలా? గదినే సరిచేసుకోవాలంటే ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలి?

సమాధానం: నిదానం

వేకువసాధన గారూ, నేను ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను, సొంతంగా పదకొండేళ్లుగా ఆసనాలు వేస్తున్నాను. కాబట్టి శరీరం వైపు నుంచి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. మీరు వాడిన "అప్పు" అన్న మాట నాకు నచ్చింది. చాలావరకు అది సరైన మాటే.

ముందుకు వంగినప్పుడు మనల్ని ఆపేవి ప్రధానంగా రెండు. మొదటిది, తొడ వెనుక కండరాలు, వాటిని చుట్టి ఉండే పొరలు, వాటిని ఎముకకు అతికించే స్నాయువులు. ఇవి వెచ్చబడినప్పుడు అదే లాగుడుకు కాస్త ఎక్కువ సాగుతాయి. కీళ్లలోని జిగురు ద్రవం కూడా వెచ్చదనానికి పలచబడి, చలికి చిక్కబడుతుంది. రెండోది నాడీవ్యవస్థ. కండరం ఎంత వేగంగా, ఎంత దూరం సాగుతున్నదో కనిపెట్టే గ్రాహకాలు కండరం లోపలే ఉంటాయి. అవి పంపే సమాచారాన్ని బట్టి మెదడు ఒక హద్దు గీసి, ఆ హద్దు దగ్గర నొప్పితో మనల్ని ఆపుతుంది. వెచ్చని శరీరంలో ఆ నొప్పి ఆలస్యంగా మొదలవుతుంది. కొద్ది వారాల సాధనతో ఎవరికైనా పెరిగే వంపులో పెద్ద భాగం కండరం పొడవు పెరగడం వల్ల వచ్చేది కాదు, సాగుదలను ఓర్చుకునే శక్తి పెరగడం వల్ల వచ్చేది. మీరు ఇరవై రోజుల్లో సంపాదించింది కూడా చాలావరకు ఆ ఓర్పే అయి ఉంటుంది. అది వేడిగదిలో అలవాటైన ఓర్పు కాబట్టి, కాళ్లు చల్లబడిన గదిలో నాడులు తమ పాత హద్దును మళ్లీ గీసుకున్నాయి.

చల్లని గదిలో ఇంకొకటి కూడా జరుగుతుంది. లోపలి 37 డిగ్రీలను కాపాడుకోవడం కోసం శరీరం చేతుల చివరలకు, పాదాలకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. దానితో పిక్కలు, పాదాలు మొండెం కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉండిపోతాయి. నాడి చల్లబడే కొద్దీ అందులో సంకేతం నడిచే వేగం కూడా తగ్గుతుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకు దాదాపు 2 మీటర్ల చొప్పున. అరికాలు మొద్దుబారిన రోజున, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో శరీరం ఒక పక్కకు ఒరుగుతున్న సంగతి మీకు అవసరమైన దానికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. మీరు చలి రోజుల తూకం గురించి రాయలేదు కానీ, గమనించి చూడండి.

అయితే అన్నింటికీ గదినే దోషిగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. మీరు పెట్టుకున్న పేరును బట్టి తెల్లవారుజామున సాధన చేస్తారని ఊహిస్తున్నాను. శరీరపు లోపలి ఉష్ణోగ్రత తెల్లవారుజామునే అన్నింటికన్నా తక్కువగా ఉండి, సాయంత్రానికి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెరుగుతుంది. అంతేకాక రాత్రంతా పడుకుని ఉండటం వల్ల వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో నడుము నుంచి బాగా వంగితే వాటి మీద, వాటిని పట్టి ఉంచే బంధనాల మీద మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. గదిని 30 డిగ్రీలకు వేడెక్కించినా ఈ ఉబ్బు తగ్గదు, అది తగ్గాలంటే కాసేపు నిలబడి తిరగడం ఒక్కటే దారి. అందుకని పక్క మీద నుంచి లేచీ లేవగానే పశ్చిమోత్తానాసనంలో ఎంత దూరం వెళ్లగలిగామన్నది కొలవడమే నాకు సమంజసంగా కనిపించదు.

కళ్లు చీకట్లు కమ్మడం మాత్రం చాలావరకు వేడి పనే. వేడిని బయటికి పంపడానికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. చెమట రూపంలో రక్తంలోని నీరు కొంత పోతుంది. గుండె ఇప్పుడు కండరాలకూ చర్మానికీ ఒకేసారి రక్తం పంపాలి కాబట్టి, చేసే పని అంతే అయినా వేగంగా కొట్టుకుంటుంది. ఈ స్థితిలో తల కిందికి వేలాడదీసి, ఒక్కసారిగా నిటారుగా లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోయి, బీపీ కొన్ని క్షణాలు పడిపోతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు నేలకు సమాంతరంగా వచ్చే దాకా సగం లేచి, అక్కడ రెండు శ్వాసలు ఆగి, పిక్కలను తొడలను బిగించి ఆ తర్వాత పూర్తిగా లేవండి. అప్పటికీ కమ్మితే ఆ రోజుకు ఆసనాలు ఆపి పడుకోవడమే సరైన పని.

ఇక మీ డిగ్రీల ప్రశ్న. థర్మామీటరు గాలి వేడిని మాత్రమే చెబుతుంది. శరీరానికి తెలిసేది గాలి వేడి ఒక్కటే కాదు, గాలిలోని తేమ, గాలి కదలిక, చుట్టూ ఉన్న గోడల, నేల చల్లదనం, ఇవన్నీ కలిసిన మొత్తం. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు ఆవిరి కాకుండా చాప మీద కారిపోతే తీసుకుపోయే వేడి దాదాపు ఏమీ ఉండదు. అందువల్ల పొడిగాలి ఆడే 34 డిగ్రీల గది, తలుపులు బిగించిన 30 డిగ్రీల ఉక్క గది కన్నా ఎంతో భరించదగ్గదిగా ఉంటుంది. "చెమట బాగా పట్టింది" అని మనం సంతోషించే చాలా సందర్భాల్లో నిజానికి జరిగేది చెమట తన పని తాను చేయలేకపోవడమే.

పైగా గంటా పది నిమిషాల్లో మీ శరీరం ఒకే పొయ్యిలా మండదు. ఊరికే కూర్చున్నప్పుడు పుట్టే వేడిని ఒకటి అనుకుంటే, నెమ్మదిగా వేసే ఆసనాల్లో అది దాదాపు రెండున్నర రెట్లు, వరుసగా చేసే సూర్య నమస్కారాల్లో ఇంకా ఎక్కువ, శవాసనంలో ఒకటి కన్నా కాస్త తక్కువ. సూర్య నమస్కారాలకు చక్కగా సరిపోయిన గది శవాసనానికి చల్లగా ఉండక తప్పదు. ఎన్ని డిగ్రీలు అని పట్టుబట్టి అడిగితే, 22 నుంచి 26 మధ్య మొదలుపెట్టి, చివరికి దుప్పటి కప్పుకొమ్మంటాను. అది నా అభిప్రాయమే, శాసనం కాదు.

సమాధానం: పాతచాప

నిదానం గారు శరీరం సంగతి వివరంగా చెప్పారు కాబట్టి నేను దాని జోలికి పోను. నేర్పడం మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లయింది. గదిని మార్చడం కన్నా సాధనను మార్చుకోవడమే సరైనదని నా నమ్మకం. అందుకు కారణాలు చెబుతాను.

హఠయోగం మీద పాత గ్రంథమైన ఘేరండ సంహిత అయిదో అధ్యాయంలో హేమంతం, శిశిరం, గ్రీష్మం, వర్షం అనే నాలుగు ఋతువుల్లో యోగాన్ని ఆరంభించవద్దని, వసంతంలోనూ శరత్తులోనూ ఆరంభించమని ఉంది. దీన్ని చూపించి చలికాలంలో యోగా కూడదని వాదించేవాళ్లు నాకు తారసపడ్డారు. అక్కడున్న మాట ఆరంభం గురించి, అభ్యాసం గురించి కాదు. విపరీతమైన చలిలోనూ ఎండలోనూ కొత్త శరీరానికి రెండు భారాలు ఒకేసారి పెట్టవద్దన్న ఇంగితంగా నేను దాన్ని అర్థం చేసుకుంటాను. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం సిద్ధించాక ద్వంద్వాలు, అంటే ఒకదానికొకటి ఎదురైన జంటలు, బాధించవని చెప్పిన చోట, ఆ ద్వంద్వాలకు వ్యాఖ్యాతలు మొదట ఇచ్చే ఉదాహరణ చలి, వేడి. ఆ సూత్రాన్ని కూడా తిరగేసి చదువుతుంటారు. చలిని వేడిని భరించడం వల్ల ఆసనం సిద్ధిస్తుందని అక్కడ లేదు. ఆసనం స్థిరపడితే ఆ బాధ తగ్గుతుందని మాత్రమే ఉంది. కనుక మండిపోయే గదిలో పళ్లు బిగబట్టి నిలబడటానికి ఆ సూత్రం ఆధారం కాజాలదు.

చెమట గురించి మరో పాత గ్రంథం హఠయోగ ప్రదీపికలో ఉన్న మాట నాకు మరీ ఇష్టం. ప్రాణాయామంలో తొలి మెట్టు మీద చెమట పుడుతుందని, ఆ చెమటతోనే ఒళ్లు రుద్దుకుంటే శరీరానికి దృఢత్వం, తేలికదనం వస్తాయని చెబుతూ, దాన్ని శ్రమ వల్ల పుట్టిన నీరు అన్నారు. గది వేడికి పుట్టిన నీరు అనలేదు. అదే గ్రంథం సాధకుడి కుటీరం చుట్టూ ఒక విల్లు పొడవు దూరంలో రాయి, నిప్పు, నీరు ఉండకూడదంటుంది. పక్కనే హీటరు పెట్టుకుని కూర్చునే మనలాంటివాళ్లను చూస్తే ఆ గ్రంథకర్త ఏమనేవారో అని అప్పుడప్పుడు నవ్వుకుంటాను.

ఆచరణలో నేను చేసేది ఇది. గది చల్లగా ఉన్న రోజున మొదటి ఇరవై నిమిషాలు నేల మీద కూర్చోను, నిలబడే ఉంటాను. చేతులు, భుజాలు, చీలమండలు తిప్పి, సూర్య నమస్కారాల్లో మొదటి నాలుగింటిని మోకాళ్లు వంచి, సగం వంగుతూ చేస్తాను. పన్నెండుకు బదులు పదహారు దాకా వెళ్తాను. ఊలు సాక్సులు, పైన ఒక పొర బట్ట మొదట ఉంచుకుని, ఒళ్లు వెచ్చబడ్డాక ఒక్కొక్కటే తీసేస్తాను. వీపు మీద చెమ్మ తగిలిందంటే అప్పుడు కూర్చుని ముందుకు వంగే ఆసనాల వైపు తిరుగుతాను. గది వేడిగా ఉన్న రోజున దీనికి ఎదురుగా, సూర్య నమస్కారాలను ఆరుకు తగ్గించి, ప్రతి రెండింటి మధ్యా నిటారుగా నిలబడే తాడాసనంలో ఆగుతాను. కాళ్లు ఎడంగా పెట్టి ఒక మోకాలు వంచి నిలిచే వీరభద్రాసనంలాంటి వాటిలో ఎక్కువసేపు నిలవను. ఒంటిని వేడెక్కిస్తాయనే ప్రాణాయామాలు భస్త్రిక (వేగంగా, బలంగా శ్వాసించడం), సూర్యభేదన (కుడి ముక్కుతో పీల్చడం) ఆ రోజుల్లో చేయను. చల్లదనం కోసం నోటితో గాలి పీల్చే శీతలి, సీత్కారి చేస్తాను.

ఆరంభించినవాళ్లకు ఒక హెచ్చరిక. చలిగా ఉంది కదా అని ఒళ్లు వేడెక్కడానికి భస్త్రికతో మొదలుపెట్టే అలవాటు ఒకటి కనిపిస్తోంది. కండరాలు వెచ్చబడాలంటే అవి పని చేయాలి, ఊపిరితిత్తులను వేగిరపెట్టి లాభం లేదు.

సమాధానం: నిదానం

పాతచాప గారూ, శీతలి గురించి ఒక చిన్న మాట. నాలుక మీదుగా గాలి లోపలికి పోయేటప్పుడు అక్కడి తడి ఆవిరై నోరు, గొంతు చల్లబడటం నిజమే, ఆ చల్లదనం మనసుకు హాయిగా ఉండటమూ నిజమే. అయితే కమిలిపోయిన శరీరపు లోపలి వేడిని అది చెప్పుకోదగ్గంతగా దించుతుందని అనుకోవడం ప్రమాదం. వడదెబ్బ లక్షణాలున్న మనిషి శీతలి చేస్తూ కూర్చోకూడదు. నీడకు వెళ్లి, ఒంటిని తడిపి, గాలి ఆడేలా చూసుకోవాలి, తేరుకోకపోతే వైద్య సహాయం తీసుకోవాలి.

సమాధానం: పాతచాప

ఒప్పుకుంటున్నాను. నేను శీతలిని చికిత్సగా చెప్పలేదు, కానీ అలా చదువుకునే అవకాశం నా మాటల్లో ఉంది.

సమాధానం: తడితువ్వాలు

నేను రెండేళ్లు వేడిగదిలోనే సాధన చేశాను కాబట్టి ఆ పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

బిక్రమ్ పద్ధతిలో గదిని 105 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 40.6 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కించి, తేమను 40 శాతం దగ్గర ఉంచి, 26 ఆసనాలు, 2 శ్వాస అభ్యాసాలు 90 నిమిషాల్లో చేయిస్తారు. వేడిగది యోగా అన్న పేరుతో నడిచే తరగతులన్నీ ఇంత వేడిగా ఉండవు, మీరు వెళ్లిన 38 డిగ్రీల తరగతి అలాంటిదే కావచ్చు. మొదటి వారం నాకు నరకంలా ఉండేది, వాంతి వచ్చేటట్టుండి రెండుసార్లు మధ్యలోనే పడుకుండిపోయాను. రెండో వారం చివరికి అదే గది మామూలుగా అనిపించసాగింది. శరీరం వేడికి అలవాటు పడటం అన్నది నిజంగానే జరుగుతుంది. రోజూ వేడిలో శ్రమిస్తే ఒకటి రెండు వారాల్లో చెమట ముందుగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. మానేస్తే ఆ అలవాటు కొన్ని వారాల్లో పోతుంది. అంటే వేకువసాధన గారూ, మీ వంపుతో పాటు ఇదీ అప్పు ఖాతాలోనిదే.

ఆ రెండేళ్లలో నాకు నచ్చినదాన్ని కాదనలేను. అంత వేడిలో వేరే ఆలోచన రాదు. మనసును బలవంతంగా ఒక చోట కట్టిపడేసే శక్తి ఆ గదికి ఉంది, అందరూ నిశ్శబ్దంగా ఊపిరి పీల్చుకునే ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అది ఏకాగ్రత అనుకునేదాన్ని. మామూలు గదికి వచ్చాక, అక్కడ నా దృష్టిని నిలిపింది నేను కాదని తెలిసింది.

గాయం సంగతి కూడా చెప్పాలి. ఒక రోజు నిలబడి ముందుకు వంగే ఆసనంలో, ఇంకా వెళ్లగలననిపించి, నిజంగానే ఇంకా వెళ్లాను. అప్పుడు నొప్పి లేదు. రాత్రికి కుడి పిరుదు కింద, మనం కూర్చునే ఎముక దగ్గర సన్నగా మొదలై, మర్నాడు కుర్చీలో కూర్చోలేనంత అయింది. తొడ వెనుక కండరం ఎముకకు అతుక్కునే చోట స్నాయువు దెబ్బతిన్నదని తేలింది, అది కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. స్నాయువుకు రక్తప్రసారం తక్కువ కాబట్టి అంత ఆలస్యమని వైద్యులు చెప్పారు. నేను తరగతినీ తప్పుపట్టను, నేర్పినవాళ్లనూ తప్పుపట్టను. హద్దు ఎక్కడుందో చెప్పే నొప్పిని గది వేడి మందగింపజేస్తుందని నిదానం గారు రాసింది అప్పుడు నాకు తెలిసి ఉంటే, వేడిగదిలో నాకు సాధ్యమైన దూరంలో పదో వంతు ముందే ఆగేదాన్ని. పుట్టుకతోనే కీళ్లు బాగా వంగే తత్వం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకు కావలసింది ఇంకా వంపు కాదు, పట్టు.

బరువు తగ్గడం గురించి వినిపించే మాటలను మాత్రం పూర్తిగా కొట్టిపారేస్తాను. తరగతికి ముందు, తర్వాత తూచుకుంటే నేను కిలోకు పైగా తగ్గేదాన్ని, ఆ సాయంత్రానికే తిరిగి వచ్చేది. అది నీరు. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు లెక్క. ఆ నీటిని గటగటా ఒకేసారి తాగేయడం కూడా మంచిది కాదు. బాగా చెమట పోసిన తర్వాత ఉప్పు లేకుండా నీరు మాత్రమే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, ఇంకా మితిమీరితే ప్రాణాపాయం కూడా రావచ్చు. కొంచెం కొంచెంగా, కాస్త ఉప్పు కలిసేలా తాగాలి.

వేడి వల్ల అదనపు లాభం ఉందా అన్నదానికి నాకు తెలిసిన మంచి ఆధారం 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం. నడివయసువాళ్లలో ఒక జట్టు 40.5 డిగ్రీల గదిలో, మరో జట్టు 23 డిగ్రీల గదిలో అవే ఆసనాలను 12 వారాలు సాధన చేస్తే, రక్తనాళాలు వ్యాకోచించే శక్తి రెండు జట్లలోనూ మెరుగైంది. ఆ ఒక్క విషయంలోనైనా మేలు చేసింది ఆసనాలేనని, వేడి కాదని నాకు అనిపించింది. అంతకుమించి దాని నుంచి లాగడం నాకు ఇష్టం లేదు.

సమాధానం: వేకువసాధన

అందరికీ కృతజ్ఞతలు. నిదానం గారు నేల చల్లదనం గురించి రాసింది చదివాక ఒక పని చేశాను. థర్మామీటరును గోడ మీద నుంచి తీసి, చాప పక్కన నేల మీద పావుగంట ఉంచాను. గోడ మీద 18 చూపించినది నేల దగ్గర 14.5 చూపించింది. అంటే ఇన్నాళ్లూ నేను నిలబడి వేసే ఆసనాలు ఒక గదిలో, పడుకుని వేసేవి మరొక గదిలో చేస్తున్నానన్నమాట! తలకు, కాళ్లకు మధ్య మూడున్నర డిగ్రీల తేడా ఉందని నాకెప్పుడూ తట్టలేదు.

ఇంకొక సందేహం. వేడి రోజుల్లో పైన ఫ్యాన్ వేసుకోవచ్చా? ఫ్యాన్ గాలికి కండరాలు పట్టేస్తాయని చాలామంది అంటారు. చలి రోజుల్లో నేల దగ్గర మాత్రమైనా ఒక చిన్న హీటరు పెట్టుకుంటే తప్పా? పాతచాప గారు కోప్పడరనే ఆశతో అడుగుతున్నాను.

సమాధానం: కిటికీపక్క

హీటరు, ఫ్యాన్ ప్రశ్నలకు నేను చెబుతాను. నా పని భవనాల్లో గాలి, చల్లదనం, వెచ్చదనం చూడటం.

వేడి గాలి తేలికై పైకి పోతుంది, చల్లని గాలి నేల మీద పరుచుకుంటుంది. అందుకే మీకు ఆ తేడా వచ్చింది. గాలిని వేడిచేసే హీటరు పెడితే కప్పు ముందు వేడెక్కుతుంది, నేల చివరికి. మీకు నిజంగా కావలసింది ఒంటికీ నేలకూ మధ్య అడ్డు. సన్నని చాప ఒక్కటే అయితే ఒంటి వేడిని నేల లాగేస్తూ ఉంటుంది. దాని కింద మందపాటి దుప్పటి మడత వేస్తే హీటరు కన్నా ఎక్కువ పని చేస్తుంది, కానీ నిలబడి వేసే ఆసనాలకు ఆ మెత్తదనం పనికిరాదు కనుక కూర్చునే సమయానికి వేసుకోండి. హీటరు పెట్టాలనుకుంటే సాధనకు అరగంట ముందు వెలిగించి, మొదలుపెట్టే ముందు ఆపేయండి. ఆ తర్వాత వేడి మీ ఒంటి నుంచే వస్తుంది. కదలకుండా ఉన్న మనిషి కూడా సుమారు 100 వాట్ల వేడిని గదిలోకి వదులుతాడు, ఆసనాలు వేసేటప్పుడు రెండింతలకు పైనే. పదిహేను మంది ఉన్న తరగతిలో అది రెండు మూడు హీటర్లతో సమానం. మొదట్లో చలిగా ఉందని నిర్వాహకులు గదిని వెచ్చబెట్టిన తరగతుల్లో చివరికి ఉక్క పోయడానికి కారణం ఇదే.

ఒక్క విషయంలో మాత్రం వాదనకు తావివ్వను. బొగ్గు, కట్టె, గ్యాస్, కిరోసిన్ ఏది మండేదైనా సరే, మూసిన గదిలో పెట్టుకుని సాధన చేయకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, మొదట కనిపించే తలనొప్పి, మత్తు సాధన వల్ల వచ్చినవేమో అనిపిస్తాయి. శవాసనంలో ఆ మత్తును ప్రశాంతత అనుకుంటే లేవలేకపోవచ్చు.

ఫ్యాన్ విషయానికి వస్తే, చెమట ఆవిరి కావాలంటే గాలి కదలాలి, కనుక వేడి రోజున ఫ్యాన్ మీ మిత్రుడే. నేరుగా ఒంటి మీద కొట్టేలా కాకుండా, గోడకు తగిలి తిరిగి వచ్చేలా తక్కువ వేగంతో పెట్టుకోండి. చెమటతో తడిసిన బట్టలతో కదలకుండా ఫ్యాన్ కింద పడుకుంటేనే ఇబ్బంది. అప్పటికి ఒంట్లో వేడి పుట్టడం తగ్గిపోయి ఉంటుంది, ఆవిరయ్యే తడి మాత్రం వేడిని లాగేస్తూనే ఉంటుంది. శవాసనానికి ముందు పొడి బట్ట ఒకటి వేసుకుంటే సరిపోతుంది. ప్రాణాయామ సమయంలో ఫ్యాన్ ఆపేయడమే మంచిది, మొహానికి తగిలే గాలి ముక్కు లోపలి తడిని ఆరబెడుతుంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి దానికీ ఇదే మాట.

సమాధానం: నిదానం

మరొక్క మాట చేరుస్తాను, ఇది చదివే అందరికీ. గర్భిణులు, ముఖ్యంగా మొదటి నెలల్లో, వేడిగదిలో సాధన చేయకూడదు. లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటడం గర్భస్థ శిశువుకు మంచిది కాదు. గుండె జబ్బులున్నవాళ్లు, బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు లేదా గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవాళ్లు, చెమటను తగ్గించే మందులు వాడేవాళ్లు తమ వైద్యుణ్ణి అడగకుండా అలాంటి తరగతిలో చేరవద్దు. మల్టిపుల్ స్క్లీరోసిస్ (నాడుల పైపొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లలో ఒంటి వేడి కొద్దిగా పెరిగినా చూపు, కాళ్ల బలం తాత్కాలికంగా తగ్గుతాయి. వాళ్లకు చల్లని గదే సరైన గది. చలి కూడా అందరికీ ఒకేలా ఉండదు. చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారే లక్షణం ఉన్నవాళ్లు చల్లని నేల మీద చేతుల బరువుతో వేసే ఆసనాలు మొదట్లో పెట్టుకోవద్దు.

సమాధానం: వేకువసాధన

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. గదిని ఏమీ చేయలేదు. పాతచాప గారు చెప్పినట్టు మొదటి ఇరవై నిమిషాలు నిలబడే ఉంటున్నాను, కూర్చునే ముందు చాప కింద దుప్పటి మడత వేస్తున్నాను, పశ్చిమోత్తానాసనాన్ని నిద్ర లేచిన గంట తర్వాతకు జరిపాను. నిన్న గోడ మీద 18, నేల దగ్గర 14.5 ఉన్నాయి. వేళ్లు చీలమండలు దాటి పాదాల పైభాగాన్ని అందుకున్నాయి, మణికట్టు పట్టుకోవడం మాత్రం ఇంకా చాలా దూరం. ఉత్తానాసనం నుంచి లేచేటప్పుడు సగంలో ఆగడం అలవాటైంది, దాన్ని వేడి రోజులు వచ్చాకే పరీక్షించాలి.

నాకు ఆశ్చర్యం కలిగించింది వేరొకటి. ఆసనాలకు ముందు వేసుకున్న పై బట్టను ఒళ్లు వెచ్చబడే దాకా ఉంచి తీసేయడం మొదలుపెట్టాక, ఏ ఆసనం దగ్గర దాన్ని తీశానో రోజూ రాసుకుంటున్నాను. మొదటి వారం తొమ్మిదో సూర్య నమస్కారం దగ్గర తీసేవాణ్ణి. ఇప్పుడు గది అంతే చల్లగా ఉన్నా ఆరోదాని దగ్గరే తీసేస్తున్నాను. నేను వేగంగా చేస్తున్నానా, లేక శరీరమే త్వరగా వెచ్చబడటం నేర్చుకుందా? నిదానం గారు చూస్తే చెప్పగలరు.

సమాధానం: నిదానం

గడియారం పెట్టుకుని చూడండి. ఆరు నమస్కారాలకు మొదటి వారంలో ఎంత సమయం పట్టిందో రాసుకోలేదు కాబట్టి పాతది తేలదు, రేపటి నుంచి సమయం కూడా రాయండి. నా అనుమానం మాత్రం మొదటిదాని మీదే.